కాలు వేయని కోడలు

"అమ్మాయ్, కాళ్ళు కడుక్కుని రా, నడుం పట్టేసిందని ఎవరో వచ్చారు" అని మా అత్తగారు కేకేస్తే, పప్పు రుబ్బుతున్నా అంట్లు తోముతున్నా లేచి వెళ్ళాల్సిందే. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు వీపు మీద మూడుసార్లు కాలు వేసి తొక్కితే పట్టు వదిలిపోతుందని మావైపు గట్టి నమ్మకం. పెనుగొలను నుంచి, గంపలగూడెం నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. నన్ను కనడానికి మా అమ్మ చావు దాకా వెళ్ళొచ్చిన సంగతి ఎవరికీ పట్టదు గానీ, నా కాలికి మాత్రం తిరువూరులో మహా గిరాకీ. పెళ్ళిచూపులప్పుడే మా అత్తగారు, "ఎదురుకాళ్ళ పిల్లటగా, ఇంట్లో ఉంటే అవసరానికి పనికొస్తుంది" అన్నారు. తిరగలిని బేరం చేసినా అంతకంటే మర్యాదగా చేస్తారు.

మా తోడికోడలు సుబ్బాయమ్మక్క నాకంటే చాలా ముందే ఆ ఇంటికి వచ్చింది. మా బావగారు వెంకటప్పయ్యగారి భార్య. నలభై ఇంకా నిండలేదు. ఎప్పుడూ తలపోటే. కణతలకు శొంఠి పట్టు వేసుకుని పొయ్యి ముందు కూర్చునేది. "దానికెప్పుడూ ఏదో ఒక నొప్పే" అనేవారు బావగారు. నొప్పి అనని రోజునైనా ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు.

డెబ్భై ఆరు వేసవి అది. మిరపకాయలు చూడటానికి గుంటూరు నుంచి షావుకార్లు వస్తున్నారని ఇల్లంతా హడావిడిగా ఉంది. పొద్దున్నే గేదెలకు కుడితి బకెట్టు ఎత్తబోయిన అక్క, "అమ్మో" అని ఒక్క కేక పెట్టి కూలబడింది. నేను పరిగెత్తాను. "ప్రేమా, రొమ్ములో ఏదో చిరిగిందే. పాత కోకని పర్రున చింపినట్టు చిరిగింది" అంది. నొప్పి రొమ్ములోంచి వెన్నులోకి పోయింది, అక్కడినుంచి నడుములోకి దిగింది. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. కళ్ళు తేలేసింది, ముఖాన నీళ్ళు కొడితే తేరుకుంది.

"రాత్రి వంకాయ కూర తింది. గ్యాసు" అన్నారు బావగారు. "సోడా పట్టండి వదినకి" అన్నారు మా ఆయన. "బరువెత్తింది కదరా, పట్టేసింది. అమ్మాయ్, నువ్వు కాలు వెయ్యి" అన్నారు అత్తగారు.

నేను కాళ్ళు కడుక్కుని వచ్చి నిలబడ్డాను. పట్టు పట్టినవాళ్ళను ఎంతమందిని చూశానో. కట్టెలా బిగుసుకుని పడుకుంటారు, వేలు కదిపితే ఏడుస్తారు. అక్క ఏ పక్కన పడుకున్నా నిలవలేకపోతోంది. దొర్లుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. వీపు మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. అదేం జబ్బో నాకేం తెలుసు? భయం మాత్రం వేసింది. "ఇది పట్టు కాదు అత్తయ్యా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. నేను కాలు వెయ్యను" అన్నాను.

"ఏంటే, నువ్వేమన్నా డాక్టరువా? వెయ్యమంటే వెయ్యి, కాలేం అరిగిపోదు" అని మా ఆయన గసిరారు. "ఊరందరికీ వేస్తుంది, తోడికోడలికైతే వెయ్యదంట. ఎంత అక్కసమ్మా కడుపులో!" అన్నారు అత్తగారు. అవన్నీ పడ్డాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "వెయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. అవతల వంటకి ఆలస్యమవుతోంది" అంది. ప్రాణం పోతున్న మనిషికి ఎసరు మీద బెంగ! నాకు ఏడుపొచ్చింది. అయినా వెయ్యలేదు.

కాసేపటికి నొప్పి దానంతటదే నెమ్మదించింది. "చూశారా, గ్యాసేనని చెప్పలా" అన్నారు బావగారు, ఏదో గెలిచినట్టు. షావుకార్లు కారులో దిగారు. విస్తళ్ళు వేశారు. అక్క ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వడ్డనకు వచ్చింది. గొంతు బొంగురుపోయింది. ఎడమకాలు ఈడుస్తోంది. "ఏంటక్కా ఆ కాలు?" అన్నాను. "తిమ్మిరెక్కిందిలే" అంది. వంగి పులుసు పోయబోతే గరిటె జారి షావుకారు విస్తట్లో పడింది. బావగారు కళ్ళెర్రజేశారు. అక్క గరిటె తియ్యబోయింది.

ఇక నావల్ల కాలేదు. అన్నం గిన్నె ఆ పంక్తి మధ్యలోనే దించేసి, అక్క నడుం చుట్టూ చెయ్యి వేసి, మగవాళ్ళ ముందునుంచే వీధిలోకి నడిపించాను. "ఎక్కడికే?" అన్నారు మా ఆయన, నోట్లో ముద్దతోనే. "ఆసుపత్రికి" అన్నాను. గడప దాటుతూ అక్క వెనక్కి చూసి, "అయ్యో, ఇంకా పెరుగు వెయ్యలేదే" అంది.

ఊళ్ళో డాక్టరు ఒక చేతి నాడి చూశాడు, రెండో చేతి నాడి చూశాడు, మళ్ళీ మొదటిది పట్టుకున్నాడు. రెండూ ఒకలా లేవట. వెంటనే బెజవాడ తీసుకెళ్ళమన్నాడు. ఆ షావుకారే మంచివాడు, విషయం తెలిసి కారు పంపాడు. పరాయివాడి ముందు పరువు పోతుందని బావగారూ ఎక్కారు.

బెజవాడలో పెద్ద డాక్టరు బావగారిని బయట కూర్చోబెట్టి అక్కనే అడిగాడు. అడిగేవాడు దొరకాలే గానీ, అక్క ఎంత చక్కగా చెప్పిందో! తలపోటు, చిరిగిన నొప్పి, వెన్ను, కాలు, అన్నీ వరసగా చెప్పింది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం లోపల చీలిందన్నాడాయన. ఆపరేషనంటే మద్రాసు పోవాలి, అంతదూరం తట్టుకోదన్నాడు. ముందే తెస్తే బతికేదా అని అడిగాను. బతికేదనీ అనలేదు, బతకదనీ అనలేదు. ఆయన వెళ్ళాక అక్క నన్ను దగ్గరికి రమ్మని, ఇదివరకే ఒకసారి నొప్పి వచ్చిన సంగతి చెప్పింది. ఆ రాత్రే పోయింది.

పెద్దకర్మ నాటికి ఊరంతా తేల్చేసింది, నేను కాలు వేసుంటే బతికేదని. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకుని ఏడ్చారు. మా ఆయన నాతో మాట మానేశారు. బావగారు మాత్రం చుట్టాల మధ్య కూర్చుని కుమిలిపోతున్నారు. "ఒక్క మాట నా చెవిన వేసుంటే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. మూగది. ఏనాడు నోరు విప్పింది కనక?" అన్నారు. అందరూ ఆయన్ని చూసి కళ్ళొత్తుకున్నారు. ఆ ఏడుపు అబద్ధం కాదు, నాకు తెలుసు. అందుకే మరీ మండింది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ బావగారి ఎదుట నిలబడి మాట్లాడి ఎరగను. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే. చేతిలో ఉన్న మంచినీళ్ళ బిందె కింద పెట్టి, వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"చెప్పింది బావగారూ. మిరప కళ్ళంలో మొదటిసారి నొప్పొచ్చిన రోజే, రొమ్ము పట్టుకుని మీ దగ్గరికే వచ్చి చెప్పింది. మీరు కాఫీ పెట్టి తెమ్మన్నారు. పెట్టి తెచ్చింది."