మీసాల విమానం

నేను ఒక విమానాన్ని. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో కథ ఆపడం నాకు చేతకాదు. ఆపడం చేతనైతే నా బతుకు ఇలా ఎందుకుండేది? నాలో మనుషులెక్కరు. ఎక్కితే చీమ ఎక్కొచ్చు, అదీ ప్రాణం మీద ఆశలేని చీమైతే. ముక్కు నుంచి తోక దాకా నాలుగడుగులు, రెక్క కొస నుంచి కొసకి అయిదడుగులు. ఒకడు నేలమీద నిలబడి రిమోటు మీద బొటనవేళ్లు ఆడిస్తే నేను గాల్లో తిరగాలి. తిరగాలి అన్నాను, తిరిగానని అనలేదు.

గొప్పింటి విమానాలు అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్ సంచుల్లో పడుకుని వస్తాయి. నేను తాడేపల్లిగూడెంలో ఒక ఫ్లెక్సీ షాపు వెనకాల చెత్తలోంచి వచ్చాను. ఎవరింట్లోనో ఓణీల ఫంక్షనుకి సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ అట్ట మీద బంధువులందరి ఫొటోలూ వేయించి నిలబెట్టారు. భోజనాలయ్యాక బంధువులూ అక్కరలేదు, బోర్డూ అక్కరలేదు. ఆ బోర్డు తెచ్చి నా రెక్కలు కోశాడు గుబ్బల ఏడుకొండలు. ఓణీ వేసుకున్న పిల్ల కోతలో పోయింది. ఆ పిల్ల మేనమామ మాత్రం నా ఎడమ రెక్క అడుగున మిగిలిపోయాడు. ఒక కన్ను, సగం ముక్కు, మీసం మాత్రం పూర్తిగా. నేను పైకి లేచినప్పుడల్లా కిందున్నవాళ్లకి మొదట కనిపించేది ఆ మీసమే.

ఏడుకొండలుది మోటార్ల వైండింగు షాపు. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి పడేస్తే పాత రాగితీగ పీకి, కొత్తది చుట్టి, వార్నీషు పోసి, బల్బు వేడికి ఆరబెట్టి ఇస్తాడు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అతని చేతిలో బాగుపడని మోటారు లేదు, బాగుపడనిది తన మనసొక్కటే. ఎదుటివాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే ఆ పూట అన్నం సయించదు. మోటారు బాగా తిరిగిందని ఎవరైనా మెచ్చుకున్నా, వీడికి నా దగ్గర ఏం పనిపడిందో అని చూసేవాడు.

ఒకరోజు పెనుమత్స రామభద్రరాజు గారు చెరువుల మీది మోటార్లు చుట్టించుకోవడానికి వచ్చారు. ఆయన చేపల చెరువుల ఆసామి. కారు వెనక సీట్లో ఎర్రటి బొమ్మ విమానం పసిపిల్లలా పడుకుని ఉంది. ఏడుకొండలు దాని ముక్కుని ఒక్క వేలితో తిప్పి చూసి, ఇలాంటిది నేనూ చేస్తానండి అన్నాడు. రాజుగారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఒక తిట్టు తిట్టుకుని మర్చిపోవచ్చు. ఆయన ఆప్యాయంగా భుజం తట్టి చెప్పారు.

"ఇది మోటారు చుట్టడం కాదయ్యా ఏడుకొండలూ. దీనికి కాస్త చదువుండాలి."

నన్ను కన్నది ఆ మాట. మూడు వారాల పాటు షాపులో మోటార్లన్నీ మూల పడ్డాయి, రైతులు వచ్చి తిట్టి పోయారు. ఏడుకొండలు నా ఒళ్లు అతికించాడు, ముక్కుకి మోటారు బిగించాడు, తోకకీ రెక్కలకీ చెవుల్లా ఆడే చిన్న చిన్న పలకలు పెట్టాడు. నేను మొదట విన్న మనిషి మాట, "నువ్వెగరాలి" కాదు. "నువ్వు ఆళ్ల కళ్లముందు దిగాలి." ఎందుకంటే ఎగరడానికి గాలి చాలు. చక్రాల మీద నేలకి దిగడమే విద్య.

ఊరి పక్కన రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే ఉంది. దాని మీద జనం కార్లు నేర్చుకుంటారు, ధాన్యం ఆరబోసుకుంటారు. ఆదివారం పొద్దున్న ఈ విమానాల వాళ్లు వస్తారు. గేదెలు మాత్రం వారమంతా వస్తాయి. అవి సూరాయమ్మవి. పద్నాలుగు గేదెలు, ఒక దూడ. అందుకని విమానాల వాళ్లు ఒక రూలు పెట్టుకున్నారు. ఎవడి విమానం చక్రాలు తప్ప ఇంకే భాగం నేలకి ఆనినా, వచ్చే ఆదివారం వాడు కర్ర పట్టుకుని రన్‌వే మీదికి గేదెలు రాకుండా తోలాలి. అందరూ ఎగరేసుకుని, దింపుకుని, ఫ్లాస్కులు మూసుకున్నాక చివర్లో అతను ఎగరేసుకోవచ్చు. దానికి గేదెల డ్యూటీ అని పేరు. ఎంత డబ్బున్నవాడైనా, ఎంత చదివినవాడైనా రూలు రూలే అని రాజుగారు గట్టిగా చెప్పారు. నిజమే. కాకపోతే ఆయన ఎర్ర విమానం పడ్డం నేనెప్పుడూ చూడలేదు.

మా మొదటి ఆదివారం ఎలా జరిగిందో చెప్పుకోవడానికి నాకే సిగ్గు. నా మోటారుకి మూడు వైర్లు. మూడింట్లో ఏ రెండు అటూ ఇటూ మారినా మోటారు వెనక్కి తిరుగుతుంది. ఈ ముక్క ఏడుకొండలు ఇరవయ్యేళ్లుగా రైతులకి చెబుతున్నాడు, చెప్పేటప్పుడు వాళ్ల తెలివితక్కువకి ముఖం చిట్లించుకుంటాడు కూడా. అలాంటివాడు నాకే రెండు వైర్లు మార్చి పెట్టాడు. అందరూ చూస్తుండగా రన్‌వే మధ్యలో నన్ను నిలబెట్టి, రిమోటు మీది పుల్ల పైకి తోశాడు. నేను ఎంతో ఉత్సాహంగా వెనక్కి బయల్దేరాను. పాలిటెక్నిక్‌లో ఫిజిక్సు చెప్పే శేషగిరి మాస్టారి స్కూటరు దాకా వెళ్లి, తోకతో దాన్ని గుద్ది, పక్కకి ఒరిగాను. గాల్లోకి లేవనే లేదు కాబట్టి పడినట్టు లెక్కా కాదా అని మాస్టారూ రాజుగారూ చాలాసేపు చర్చించారు. తోక ఆనింది కాబట్టి డ్యూటీయే అని తేల్చారు.

ఆ తర్వాత మా పతనాలు వరసగా చెప్తే మీకు విసుగు. రెండో ఆదివారం లేచాను. ఆహా, ఆ లేవడం! కాళ్ల కింద తారు కరకరలాడ్డం మానేసి ఒక్కసారిగా మెత్తబడింది, కింద గేదెలు నల్లగింజలయ్యాయి. నేనూ మేనమామా కలిసి గూడెం అంతా చూశాం. చూస్తూ తిరిగి ఏడుకొండలు వైపుకి వచ్చాం. వచ్చే విమానానికి కుడీ ఎడమా తారుమారు. పోయేటప్పుడు నా కుడి అతని కుడే, వచ్చేటప్పుడు నా కుడి అతని ఎడమ. అది అతనికి తెలుసు, బొటనవేలికి తెలియదు. దానికి మందు కనిపెట్టాడు. నేను ఎటు తిరిగితే తనూ అటు తిరిగి, నాకు వీపు చూపించి, మెడ వెనక్కి తిప్పి చూడటం. నేను గిరికీ కొట్టినకొద్దీ అతనూ బొంగరంలా గిరికీ కొట్టాడు. మూడో గిరికీకి కళ్లు తిరిగి అతను గడ్డిలో కూలబడ్డాడు, నేను తుమ్మపొదలో. మా ఇద్దరిలో ముళ్లు ఎవరికి ఎక్కువ గుచ్చుకున్నాయో ఇప్పటికీ తేలలేదు.

పడ్డ ప్రతిసారీ మాస్టారు వచ్చి ఎందుకు పడ్డానో వివరించేవాడు. పడకముందు ఎప్పుడూ చెప్పలేదు. సూరాయమ్మకి అంత చదువు లేదు. దూరంగా గట్టు మీద కూర్చుని చుట్ట పీల్చుకుంటూ ఒకే ప్రశ్న వేసేది.

"ఏరా తమ్ముడూ, మీ మీసాలాయన మళ్లీ పడ్డాడా? ఆయనకి నేలంటే అంత పేమేటో."

షాపుకి తెచ్చాక నాకు వైద్యం మోటారు వైద్యమే. విరిగిన చోట రాగితీగ చుట్టలు కట్టే దారంతో కట్లు, సందుల్లో వెదురు చీలికలు, పైన వార్నీషు. ఏడో ఆదివారం నాటికి నా ఒంట్లో సన్‌బోర్డు కన్నా దారం ఎక్కువ. పడ్డ ప్రతిసారీ బరువెక్కాను, మనుషుల అనుభవం కూడా అంతేనేమో. అనుభవం పెరిగినకొద్దీ లేవడం కష్టం, పడటం తేలిక.

పదకొండు ఆదివారాలు. పదకొండుసార్లూ కర్ర ఏడుకొండలుకే పడింది. గేదెలు అతన్ని గుర్తుపట్టి, అతను రాగానే వాటంతటవే పక్కకి జరిగేవి. రాజుగారు ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటూ, మన ఏడుకొండలు ఉన్నంతకాలం గేదెలకి దిగుల్లేదు అని సరదాగా అనేవారు. అందరూ నవ్వేవారు. ఏడుకొండలూ నవ్వేవాడు. ఇంటికెళ్లేటప్పుడు సైకిలు మీద నన్ను కట్టుకుని దారి పొడుగునా ఆ నవ్వుని పళ్లతో కొరుకుతూ వెళ్లేవాడు.

పదకొండోసారి నేను రెండు ముక్కలయ్యాను, రెక్క సరిగ్గా మధ్యలో. ఏడుకొండలు నన్ను టేబులు మీద పరిచి చాలాసేపు చూశాడు. ఇంకొక్కసారి, అంతే, ఈసారీ దిగకపోతే రిమోటు అమ్మేస్తాను అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు, షాపులో మేమిద్దరమే ఉన్నాం. మేనమామని లెక్కేస్తే ముగ్గురం. రెక్కలు అతికించి, గట్టిగా కట్లు కట్టి, ఒకటికి మూడుసార్లు వార్నీషు పూశాడు. త్వరగా ఆరాలని రెండొందల వాట్ల బల్బు కింద, మోటార్లు ఆరబెట్టే రేకు పెట్టెలో పెట్టి, అన్నానికి వెళ్లాడు. ఇనుప మోటారుకి ఆ వేడి సుఖం. నాది ప్లాస్టిక్ ఒళ్లు. అతను తిరిగొచ్చేసరికి నా రెండు రెక్కలూ మెత్తబడి, దండం పెడుతున్నట్టు కొసలు పైకి వంగిపోయాయి. మేనమామ మీసం కూడా మెలి తిరిగింది. ఏడుకొండలు సరిచేద్దామని ఒక్కసారి నొక్కాడు. చల్లబడిపోయాను, వంగలేదు. అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పన్నెండో ఆదివారం మామూలుగానే అందరూ ఎగరేసుకున్నారు, దింపుకున్నారు. నా రెక్కలు చూసి రాజుగారు, ఇది విమానం కాదయ్యా, కాకి గుడ్లమీద కూర్చున్నట్టుంది అన్నారు. తర్వాత అందరూ కారెక్కి స్టేషను దగ్గరికి పెసరట్టు తినడానికి వెళ్లారు. రన్‌వే మీద ఏడుకొండలు, సూరాయమ్మ, పద్నాలుగు గేదెలు, ఒక దూడ, నేను. కర్ర కింద పెట్టేసి, ఎవరూ చూడ్డం లేదు కదా అనుకున్నాడో ఏమో, చాలా నిదానంగా పుల్ల తోశాడు.

లేచాను. ఒక పక్కకి ఒరిగాను, మామూలుగా అక్కణ్నుంచి పల్టీ కొట్టాలి. కొట్టలేదు. వంగిన రెక్క నన్ను తనంతట తానే నిలబెట్టింది. అటు ఒరిగితే ఇటు నెట్టింది, ఇటు ఒరిగితే అటు. తాగినవాణ్ని ఇద్దరు స్నేహితులు చెరో పక్కా పట్టుకుని నడిపించినట్టు నడిచాను గాల్లో. ఎంత సుఖమో! పదకొండు వారాల కట్లు, దారాలు, తిట్లు అన్నీ మోసుకుంటూ గూడెం మీద తేలుతుంటే నాకు పాడాలనిపించింది, నోరు లేక ఊరుకున్నాను. కింద ఏడుకొండలు తిరగడం మానేశాడు. కాళ్లు రెండూ నేలలో పాతినట్టు నిలబడి మెల్లగా నన్ను కిందికి పిలిచాడు. ఒక్క అడుగు, ఇంకొక్క అడుగు. సూరాయమ్మ చుట్ట నోట్లోంచి తీసి, లేచి, దూడని మెడ పట్టుకుని ఆపింది. నా చక్రాలు తారుని తాకాయి. ఎగిరి పడలేదు, ఒరిగిపోలేదు. తాకి, దొర్లి, ఆగాను.

ఏడుకొండలు నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని దేన్నీ ముట్టుకోకుండా చూశాడు. తర్వాత చెప్పుల అంచు చెప్పుల అంచుకి ఆనిస్తూ చక్రాల జాడ కొలిచాడు. పద్దెనిమిది.

వాళ్లు పెసరట్టు తిని వచ్చారు. నేను దిగానని ఏడుకొండలు చెప్పాడు. ఎవరూ అబద్ధమని అనలేదు, అన్నా బాగుండేది. మాస్టారు నా రెక్కలు తడిమి, ఇలా పైకి వంగి ఉంటే నిలకడ ఎక్కువే, పుస్తకంలోనే ఉంది అన్నాడు. పుస్తకంలో ఉన్న సంగతి ఈ పదకొండు వారాల్లో ఎందుకు చెప్పలేదో అతన్ని ఎవరూ అడగలేదు. సూరాయమ్మ గట్టు మీంచి కేకేసింది.

"కొంగ దిగినట్టు దిగాడండి మీసాలాయన. నా కళ్లతో చూశాను."

"నీ కళ్లకి కొంగా విమానం ఒకటే సూరాయమ్మా," అన్నారు రాజుగారు. ఏడుకొండలు వైపు తిరిగారు. "మళ్లీ దింపవయ్యా. మేమూ చూస్తాం. దిగితే నీ డ్యూటీ తీసేసినట్టే."

ఏడుకొండలు నన్ను ఎత్తుకున్నాడు. రన్‌వే వంక చూశాడు. ఈ గోలలో గేదెలు మొత్తం దాని మీదికి వచ్చి తీరిగ్గా నెమరేస్తున్నాయి.

"దింపుతానండి. మరి గేదెల్ని ఎవరు తోల్తారు?"

మాస్టారు తన మోకాళ్ల నొప్పుల సంగతి గుర్తుచేసుకున్నాడు. రాజుగారు ఏదో అనబోయి, ఎంత డబ్బున్నవాడికైనా రూలు రూలే అన్నది తానే అని గుర్తొచ్చి, కింద పడున్న కర్ర తీసుకున్నారు. తెల్ల ప్యాంటు పిక్కల దాకా మడిచారు. నల్లకళ్లజోడు జేబులో పెట్టుకున్నారు.

నేను గాల్లోకి లేచాను. ఈసారి కూడా బాగా లేచాను, ఒట్టు. కింద రాజుగారు హేయ్ హేయ్ అంటున్నారు. గేదెలకి ఆయన కొత్త, ఆయనకి గేదెలు కొత్త. ఆయన కర్ర ఎత్తి దూడ వైపు వెళ్లారు. దూడ తల్లి తల తిప్పింది. తర్వాత రాజుగారు ఇటువైపు పరిగెత్తుకొస్తున్నారు, వెనకాల గేదె, దాని వెనకాల సూరాయమ్మ, "ఏం సెయ్యదు బాబూ, నిలబడిపోండి" అని అరుస్తూ. నిలబడిపోతే ఏం చెయ్యదన్న మాట నిజమే, కానీ వెనక గేదె ఉన్నప్పుడు ఎవడు నిలబడతాడు?

నేను పైనుంచి ఏడుకొండలు వైపు చూశాను. అతను నా వైపు చూడ్డం లేదు. రిమోటు పొట్టకి ఆనించుకుని, నడుం వంచి, కళ్లవెంట నీళ్లు కారుతుంటే పడీ పడీ నవ్వుతున్నాడు. నేను అతని అసలు నవ్వు వినడం అదే మొదలు. పొట్టలో ఎన్నేళ్లనుంచి పేరుకుందో, గేటు ఎత్తిన కాలవలా వస్తోంది. బొటనవేళ్లు పుల్లల మీద లేవు. వంగిన రెక్కలు నన్ను బుద్ధిగా, నిలకడగా, తిన్నగా తీసుకెళ్లాయి. రన్‌వే చివర తాటిచెట్టు ఉంది. తిన్నగా దానిలోకే.

గేదె ఆగిపోయాక రాజుగారు రొప్పుతూ వచ్చారు. పాపం, ఆయనా చూడలేదు.

"దిగిందా?" అన్నారు.

"దిగిందండి. తాటిచెట్టు మీద."

ముందు రాజుగారికి నవ్వొచ్చింది. తర్వాత మాస్టారికి. ఆ ముగ్గురూ రన్‌వే మీద కూర్చుని ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. చెట్టు మీద నా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సూరాయమ్మే కర్రతో పొడిచి దింపింది. నాలుగు ముక్కలు.

ఇప్పుడు నేను వైండింగు షాపులో అటక మీద, కాలిపోయిన మోటార్ల మధ్య ఉంటున్నాను. నా మోటారు పీకి కొత్త విమానానికి పెట్టాడు. దాని రెక్కల్ని బల్బు కింద కావాలనే వంచాడు. రిమోటు అమ్మలేదు. పదమూడో ఆదివారం డ్యూటీ కూడా రూలు ప్రకారం అతనిదే, ఈల వేసుకుంటూ వెళ్లాడు. రాజుగారు ఇప్పుడు షాపుకి వస్తే స్టూలు లాక్కుని కూర్చుంటున్నారు. మోటారు తెచ్చిన ప్రతి రైతుకీ ఏడుకొండలు ఆ పన్నెండో ఆదివారం కథ చెబుతాడు. లేచి నిలబడి, ప్యాంటు మడిచి, రాజుగారు ఎలా పరిగెత్తారో చేసి చూపిస్తాడు. గేదెలా తల తిప్పుతాడు. రైతులు నవ్వి నవ్వి మోటారు సంగతి మర్చిపోతారు.

నేను దిగిన సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పడు. పదకొండు వారాలు దానికోసమే ఏడ్చినవాడు, దాన్ని ఎప్పుడో మర్చిపోయాడు. మనుషులు అంతే, ఏం కావాలో తెలియక ఇంకేదో అడుగుతారు. నాకేం కోపం లేదు. కానీ మీరు ఇంతసేపూ కూర్చుని విన్నారు కాబట్టి చెబుతున్నాను, మీరైనా గుర్తుపెట్టుకోండి. నేను దిగాను. చక్రాల మీద దిగాను. పద్దెనిమిది చెప్పుల దూరం దొర్లాను.