ఓర్సోలా ఎడమచేతి బొమ్మ

ఓర్సోలా విల్లా సెర్వాలి తోటలోకి అడుగుపెట్టేసరికి మిగతా ముగ్గురూ అప్పటికే బొమ్మలు వేయడానికి తలా ఒక చోటు పట్టేసుకున్నారు. అది మామూలే. మామూలు కానిదేమిటంటే, నదీదేవుడి రాతివిగ్రహానికి ఎదురుగా ఉన్న చోటు ఆమె కోసం ఖాళీగా ఉంచారు. ఆ తోటలో అంతకు మించిన చోటు లేదు. దాని కోసం ఏళ్ల తరబడి కొట్టుకు చచ్చినవాళ్లే ముగ్గురూ. ఎజీదియో అయితే ఒకసారి ఎండ రాకముందే వచ్చి కూర్చుని వారం రోజులు తుమ్ముతూ తిరిగాడు. అలాంటివాడు ఇవాళ అక్కడ ఆమె కుర్చీ వేసి, దాని మీద దిండు కూడా సర్ది పెట్టాడు. ఆ దిండు చూడగానే ఓర్సోలాకు ఒళ్లు మండింది. అయినా కూర్చుంది.

కిందటి వసంతంలో పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. కాలు కుదుటపడింది, మాట తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం ఒడిలో పెట్టుకున్న పరాయి వస్తువులా మిగిలింది. భూముల కొలతల ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ పటాలు గీసిన చెయ్యి అది. స్కేలు లేకుండా ఆమె గీసిన గీతను స్కేలు పెట్టి చూసి మరీ కుళ్లుకునేవాళ్లు ఈ స్నేహితులు. చలికాలమంతా ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో నిమ్మకాయలూ సీసాలూ వేసింది, వేసినవన్నీ చించి పొయ్యిలో పడేసింది. ఇంటికి వచ్చినవాళ్లు ఒకటో రెండో చూసి మెచ్చుకున్నారు గానీ వాళ్ల మెచ్చుకోలు ఆమెకు దేనికీ పనికిరాలేదు. తను ఇంకా బొమ్మలు వేసే మనిషేనా, లేక రంగుల పెట్టె మూసి అటక మీద పెట్టేయాలా? ఆ సంగతి తేల్చగలిగేది ఈ ముగ్గురే. అందుకోసమే వచ్చింది.

ఎందుకు వీళ్లే అంటే, ఈ గురువారం బృందానికి ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం చర్చి గంట మోగగానే ఎక్కడివాళ్లు అక్కడ కుంచెలు దించాలి, నీళ్లు పారబోయాలి. కాగితాలన్నీ తెచ్చి ఏదో ఒక పిట్టగోడ మీద వరుసగా పరిచి, ఎగరకుండా రాళ్లు పెట్టాలి. దీన్ని వాళ్లు బట్టలారేయడం అంటారు. ఆ తర్వాత ఒక్కో బొమ్మనూ మిగతావాళ్లు ఉతికి ఆరేస్తారు. తప్పులే చెప్పాలి, బాగున్నదాని జోలికి పోకూడదు. పొగడ్తలు కావాలంటే చుట్టాల ఇంటికి వెళ్లమంటాడు ఎజీదియో. బొమ్మ వేసినవాళ్లు నోరు విప్పకూడదు. రొట్టె, పచ్చి చిక్కుడుగింజలు, గొర్రెపాల చీజ్ ఆ తర్వాతే. ఈ దెబ్బలు తట్టుకోలేక మధ్యలో వచ్చినవాళ్లు మధ్యలోనే పోయారు. మిగిలింది వీళ్లు నలుగురే.

రాత్రి వాన కురిసింది. తోటలో రాళ్లన్నీ చెమర్చి ఉన్నాయి. ఓర్సోలా కాగితం తడిపి ఆకాశం వేసింది, గోడ వేసింది, మెట్లు వేసింది, కుడిపక్కన స్తంభంలా నిటారుగా నిలిచిన సైప్రస్ చెట్టు వేసింది. ఎడమచెయ్యి ఆమె చెప్పిన మాట సగమే వింటోంది. గోడ తిన్నగా రాలేదు. అయినా నీరూ రంగూ కలిసి కాగితం మీద నెమ్మదిగా పాకుతుంటే ఆమెకు చాలాకాలం తర్వాత ఊపిరి హాయిగా ఆడింది. ఇక నదీదేవుడు మిగిలాడు. పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆనుకుని, బానపొట్ట వేసుకుని పడుకున్న పెద్దమనిషి. మొదటి పూత వేసి, అది పూర్తిగా ఆరాక నీడ వేయాలి. ఈ తేమలో ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా భుజం లాగడం మొదలైంది. చెయ్యి దించితే మళ్లీ లేస్తుందో లేదో అని ఆమెకు భయమేసింది. ఆరకుండానే నీడ వేసేసింది.

నీళ్లు ఊరుకుంటాయా? ఆ తడి వెనక్కి పాకి, దేవుడి పొట్ట మీద రంగును పక్కకు నెట్టి, అంచులను కుచ్చులు కుచ్చులుగా చేసింది. పొట్ట నిండా కాలీఫ్లవర్ లాంటి మరక విచ్చుకుంది. మొదటి నెల నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. దాన్ని కప్పిపుచ్చే దారి నీటిరంగుల్లో లేదు. ఓర్సోలా దాన్ని చూస్తూ కూర్చుంది. ఇంతలో గంట మోగింది.

ముందుగా నివెస్ బొమ్మ. బేకరీ నడిపి కూతురికి అప్పగించిన ఈ నివెస్ కంచెలోని పొదలను పాలకూర ఉడకబెట్టినట్టు వేసిందని ఎజీదియో తేల్చాడు. తర్వాత బడిపంతులుగా చేసిన రేమో. అతని మెట్లు ఎక్కితే మనిషి మోకాలు విరుగుతుందని నివెస్ కసి తీర్చుకుంది. ఓర్సోలా కూడా ఒకటి రెండు తగిలించింది. అంతా పాతరోజుల్లాగే ఉంది. అప్పుడు ఆమె బొమ్మ వంతు వచ్చింది.

ఎడమచేత్తో ఇంత బాగా వేయడమంటే మాటలు కాదంది నివెస్. తనకు కుడిచేత్తో కూడా ఇలా రాదన్నాడు రేమో. ఎజీదియో కళ్లజోడు సర్దుకుని వంగాడు. అతని చూపు నదీదేవుడి పొట్ట దగ్గర ఆగడం ఓర్సోలా చూసింది. ఆగిన చూపు పక్కకు తప్పుకోవడం కూడా చూసింది.

"బాగుంది ఓర్సోలా," అన్నాడు. "చాలా బాగుంది."

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి చుట్టాలు సరిగ్గా ఇదే గొంతుతో మాట్లాడారు. ఈ ముగ్గురూ తిట్టి ఉంటే బాగుండేది, బృందంలోంచి పొమ్మన్నా బాగుండేది. దిండు వేసి, మంచి చోటిచ్చి, బాగుందని చెప్పి మర్యాదగా సాగనంపారు. ఇక వచ్చే గురువారం రాకూడదనుకుంది.

కానీ ఎజీదియో వేసిన ఫౌంటెన్ బొమ్మ ఇంకా మిగిలి ఉంది. దాని గురించి మొదట మాట్లాడాల్సింది ఆమే. ఆఖరిసారి కదా అని ఆమె మొహమాటం ఏమీ పెట్టుకోలేదు.

"ఈ తొట్టిలో చుక్క నీరు నిలవదు ఎజీదియో," అంది. "అంచు చూడు, బల్ల మీంచి జారిపోయే పళ్లెంలా ఉంది. ఆకాశమేమో నువ్వు నడిపిన మందుల షాపులో దగ్గుమందు రంగు. అదలా ఉంచు. ఆ నీటిధార ఏంటి? కాగితం తెలుపు వదల్లేదు నువ్వు. గొట్టంలోంచి తెల్లరంగు పిండి పూశావు. ఎవరూ చూడరనుకున్నావా?"

ఇక ఆపమన్నట్టు నివెస్ ఆమె మోకాలి మీద తట్టింది. ఈ బృందంలో తెల్లరంగు వాడటమంటే ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడం లాంటిదే. తెలుపు కావాలంటే కాగితాన్ని ముట్టుకోకుండా వదలాలి, అంతే. ఎజీదియో మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. పద్ధతి ప్రకారం అతను నోరు విప్పకూడదు. విప్పాడు.

"నువ్వా నాకు చెప్పేది? ఆ దేవుడి పొట్ట మీద కాలీఫ్లవర్ పండించావే, అది కనబడలేదా నీకు? ఇందాకట్నుంచీ నోరు మూసుకుని కూర్చున్నా. పసిపిల్లలు కూడా చెయ్యరమ్మా ఆ పని."

అన్నాక గాని ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. రేమో నేల చూపులు చూశాడు. నివెస్ విప్పబోతున్న రొట్టెల సంచీని మళ్లీ ముడేసింది.

"ఊఁ," అంది ఓర్సోలా. "ఇంకా?"

ఎజీదియో కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. మళ్లీ పెట్టుకుని ఆమె కాగితం మీదికి వంగాడు.

"ఆరేదాకా ఎందుకు ఆగలేదు?"

"చెయ్యి అలిసిపోతుందని భయమేసింది."

"అలిసిపోతే దించు. నీడ ఎక్కడికీ పోదు. పోయినా రేపు మళ్లీ వస్తుంది." అతని వేలు కాగితానికి ఆనీ ఆనకుండా కదిలింది. "గోడ వంకరగా ఉంది. నీ చెయ్యి సంగతి నాకనవసరం, వంకరగా ఉంది. గోడ పొడవునా కుంచెను వేళ్లతో లాగావు, అది కుదరదు. భుజంతో లాగాలి."

రేమో కూడా లేచి వచ్చాడు. మెట్లకు మందం లేదని, కాగితం చించి అతికించినట్టున్నాయని అన్నాడు. మోకాళ్లు విరగ్గొట్టే మెట్లు వేసినవాడికి మెట్ల గురించి మాట్లాడే హక్కు లేదంది నివెస్. అంటూనే తనూ వంగి, నీడలన్నీ ఒకే నలుపని, ఏప్రిల్ నీడలో నీలం ఉంటుందన్న ఇంగితం లేదని మొదలుపెట్టింది. ముగ్గురి తలలూ ఆ కాగితం మీద ఒకదానికొకటి తగులుతున్నాయి. కుడిపక్క సైప్రస్ చెట్టు ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఎజీదియో వేలు దాని దగ్గరకు వచ్చి, ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

ఓర్సోలా చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. నివెస్ తలెత్తి చూసి మాట ఆపేసింది.

"ఏమే, ఏడుస్తున్నావా? మానెయ్యమంటావా?"

"మానేశావంటే ఊరుకోను," అంది ఓర్సోలా. "నీడలో నీలం ఎక్కడ పెట్టాలో సరిగ్గా చూపించు."