వీధి డ్రిల్లు

స్కూటర్ హారన్ ఒకసారి మోగితే చేతులు పైకి, రెండుసార్లు మోగితే కిందికి. మూతికి మాస్కు పెట్టుకొని విజిల్ ఊదడం కుదరదు గనుక డ్రిల్లు మాస్టారు ఈ పద్ధతి పెట్టాడు. పొట్ట మీద బిగిసిపోయిన పాత ట్రాక్‌సూటులో ఆయన వీధిలో నిలబడి హారన్ కొడుతుంటే, మూడో అంతస్తు బాల్కనీలో రాణిగారు చేతులెత్తి దించుతోంది. నలభై దాటిన ఆమెకు ఆ పేరు జట్టువాళ్ళు పెట్టారు. బంతి విసిరాక అది ఎక్కడ పడిందో ఆమె చూడదు. ఎవరో వచ్చి విన్నవించుకోవాలి.

“ఇప్పుడు గుంజీళ్ళు!”

“మీరు తీస్తేనే!”

నడివీధిలో, అరిగిన మోకాళ్ళతో మాస్టారు గుంజీళ్ళు మొదలుపెట్టాడు. “పొద్దున్నే ఏమిటయ్యా ఈ గోల?” అని ఎదురింటి కిటికీ కసిరింది.

“అయిపోవచ్చిందండీ. మీరూ రెండు తీయకూడదూ?” అన్నాడు ఆయాసపడుతూ. కిటికీ మూసుకుంది.

కుర్రతనంలో ఆయన ఏ పరుగుపందెంలోనైనా నాలుగోవాడే. పతకం ఎప్పుడూ ముందువాడి దగ్గరే ఆగిపోయేది. మేధోవైకల్యం ఉన్న క్రీడాకారులకు ఆటలు నేర్పే బడిలో, మంచి ఉద్యోగం దొరికేదాకా అని చేరి, జుట్టు నెరిసేదాకా ఉండిపోయాడు. “పిల్లలు పిల్లలంటారు, వాళ్ళలో సగంమందికి మీకంటే తెల్లజుట్టు” అని భార్య ఎద్దేవా చేస్తుంది. ఆ దంపతులకు పిల్లలు లేరు. ఆ మాట గుచ్చుకునే వయసు ఇద్దరికీ దాటిపోయింది.

మహమ్మారి వచ్చి మైదానానికి తాళం పడ్డాక మొదట ఫోనులోనే డ్రిల్లు చెప్పాడు. తెర మీద ఒకరి నుదురు, ఇంకొకరి సీలింగు ఫ్యాను కనబడేవి. ఎవరు చేస్తున్నారో ఎవరు మానేశారో ఆ దేవుడికే తెలియాలి. అప్పుడే తూనీగ అమ్మమ్మ ఫోను చేసింది. “మాస్టారూ, వాడు మంచం దిగట్లేదు. తిండి ముట్టట్లేదు. తల గోడకేసి కొట్టుకుంటున్నాడు నాయనా!”

చేతులు బార్లా చాపి పరుగెత్తుతాడని ఆ యువకుడికి తూనీగ అని పేరు. జట్టు మొత్తంలో అతన్ని మించి పరుగెత్తేవాళ్ళు లేరు. ఆ సాయంత్రమే మాస్టారు స్కూటర్ తీశాడు. “రోగాన్ని నెత్తినెట్టుకొస్తారా?” అని భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. మర్నాడు తనే ఇంకో మాస్కు కుట్టి చేతిలో పెట్టింది. అప్పటినుంచి రోజూ ఇంటింటికీ వెళ్ళి, వీధిలోంచే డ్రిల్లు.

ఇవాళ రాణిగారి దగ్గర సెలవు తీసుకొని మాస్టారు తూనీగ వాళ్ళ సందులోకి తిరిగేసరికి, గేటు ముందు అద్దెకారు నిలబడి ఉంది. అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పటినుంచీ పక్కింటివాళ్ళు గేటు దగ్గర భోజనం పెట్టి పోతున్నారు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉండే తూనీగ పిన్ని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“తెల్లవారుజామున అమ్మ పోయిందండీ,” అంది గొంతు తగ్గించి. “చూడనివ్వలేదు కూడా. వీడికి జబ్బు లేదన్నారు. మా ఊరు తీసుకెళ్ళిపోతున్నా. ఇంకా చెప్పలేదు. ఏ నోటితో చెప్పను?”

తూనీగ బూట్లు కట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు.

“మాస్టారూ, గ్రౌండు ఎప్పుడు?”

మొదట్లో మాస్టారు ‘రేపు’ అనేవాడు. ఆ రేపు వచ్చినప్పుడల్లా తూనీగ సంచీ తగిలించుకొని గేటు దగ్గరే నిలబడ్డాడని తెలిశాక ఆ మాట మానేశాడు.

“తెలీదురా.”

“అమ్మమ్మ ఎప్పుడు?”

పిన్ని మొహం తిప్పుకుంది. నాలుక చివరిదాకా వచ్చిన ‘రేపు’ను మాస్టారు మింగేశాడు.

“రాదురా. అమ్మమ్మ చనిపోయింది.”

తూనీగ ఆయన కళ్ళలోకి చూశాడు. “అస్సలు రాదా?”

“అస్సలు రాదు నాన్నా.”

తూనీగ లేచి పెరట్లోకి వెళ్ళాడు. అమ్మమ్మ తిరిగొచ్చేసరికి శుభ్రంగా ఉండాలని తనే ఉతికి ఆరేసిన ఆమె తువ్వాలు, ఇంకా నీళ్ళోడుతున్నది, తీసుకొచ్చాడు. పరుగుకు అమ్మమ్మ ఫినిషింగు లైను పట్టినప్పటిలాగే ఒక కొస గేటుకు ముడేశాడు. రెండోది పిన్ని చేతికిచ్చాడు.

“గట్టిగా పట్టుకోకు పిన్నీ. అమ్మమ్మ మెల్లిగా పట్టుకుంటుంది.”

మాస్టారు హారన్ కొట్టాడు. తూనీగ సందు చివరిదాకా వెళ్ళి, చేతులు చాపి తిరిగొచ్చాడు. వస్తూ ఏడ్చాడు, నోరంతా తెరిచి, ఏడుస్తూనే వేగం పెంచాడు. తువ్వాలు ఛాతీకి తగిలి పిన్ని వేళ్ళలోంచి జారిపోయింది.

“అక్కడ వీడితో నేనేం చేయించాలండీ?” అంది పిన్ని, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

“పొద్దున్నే పరిగెత్తించండి తల్లీ. మీరు కూడా నడవండి. ఏమడిగినా ‘రేపు’ అని మాత్రం అనకండి.”

కారు కదిలింది. అద్దం దించి తూనీగ తల బయటపెట్టాడు.

“మాస్టారూ, లైను విప్పొద్దు!”

“విప్పను,” అన్నాడు మాస్టారు.

కారు మలుపు తిరిగింది. ఆయన స్కూటర్ ఎక్కాడు. ఇంకో వీధిలో ఎవరో ఈపాటికి బాల్కనీలోకి వచ్చి నిలబడి ఉంటారు. వెనక, ఒక కొస గేటుకు ముడిపడి, రెండో కొస మట్టిలో పడి, తడి తువ్వాలు అలాగే ఉంది.