కత్తిగారు రైలెక్కిన రోజు

భార్య స్నానానికి నీళ్ళు మరిగాయి. స్టవ్వు కట్టేసి, గిన్నె మీద మూత పెట్టి, దానిమీద తువ్వాలు నాలుగు మడతలు వేసి కప్పాడు. ఎంత కప్పినా ఏడింటికి ఆమె వచ్చేసరికి అవి చల్లారిపోతాయని అతనికి తెలుసు. రోజూ ఆమె మెట్లెక్కే చప్పుడు విన్నాకే స్టవ్వు వెలిగించేవాడు. ఆమె చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, గోడకి వీపు ఆనించి కాసేపు కళ్ళు మూసుకునే లోపల నీళ్ళు సరిగ్గా కాగేవి. ఇవాళ ఇంకా అయిదుంబావే అయింది. అతను అప్పటికే చొక్కా తొడుక్కుని, జేబులో రైలు టిక్కెట్టు ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాడు.

ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. అతను రెండు వీధుల అవతల ఉన్న చిన్న ప్రెస్సులో కాగితాలు కోసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఒకే కటింగ్ మిషన్ ముందు నిలబడ్డాడు కాబట్టి అక్కడ అందరూ అతన్ని కత్తిగారు అంటారు. పిలుపు కత్తే గానీ ఎవరితోనూ పదునుగా ఒక మాట అని ఎరగడు. కూరగాయల దుకాణంలో పుచ్చు వంకాయలు అంటగట్టినా నోరెత్తకుండా తెచ్చుకుంటాడని భార్య నవ్వుతుంది.

పొద్దున్న ఆమె వచ్చాక గంటన్నర, సాయంత్రం ఆమె వెళ్ళేలోపు గంటన్నర. వాళ్ళ కాపురమంతా ఆ మూడు గంటల్లోనే జరుగుతుంది. వార్డులో ఒక ఆయా దిగి ఇంకో ఆయా ఎక్కేటప్పుడు మంచం మంచానికీ నిలబడి ఒప్పజెప్పుకుంటారు. ఆ అలవాటు ఆమె ఇంటికి పట్టుకొచ్చింది. మూడో మంచం తాతకి జ్వరం దిగింది, ఆరో మంచం ఆవిడ రాత్రంతా కొడుకుని తిట్టింది అని ఆమె చెబితే, కుళాయి మళ్ళీ కారుతోంది, పై వాటా ఆవిడ మళ్ళీ అలిగింది అని అతను ఒప్పజెబుతాడు. ఇద్దరూ తీరా చెప్పుకునేది ఏమీ ఉండదు. అయినా అది వినకుండా మెట్లు దిగితే ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది అతనికి.

కత్తులు సాన పట్టే అతను నెలకోసారి ప్రెస్సులన్నీ తిరుగుతాడు. ఈ ఉద్యోగం కబురు మోసుకొచ్చింది ఆ మహానుభావుడే. రైల్లో రెండు గంటలు, ఆపైన బస్సులో పావుగంట దూరంలో కొత్త మిషన్లతో పెద్ద ప్రెస్సు ఉందనీ, చేయి తిరిగిన కటింగ్ మనిషి కోసం చూస్తున్నారనీ, జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లనీ చెప్పాడు. అక్కడ చేరితే అతను పొద్దున అయిదున్నరకి ఇల్లు వదలాలి, తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆమె వచ్చేసరికి అతను ఉండడు. అతను వచ్చేసరికి ఆమె ఉండదు. ఆదివారాలు తప్ప ఒకరి మొహం ఒకరికి కనపడదు.

కానీ పాత మిషన్ చక్రం తిప్పి తిప్పి అతని కుడి భుజం పోయింది. ఆ వైపు తిరిగి పడుకోలేడు. ఆ భుజం కోసం వెళ్ళండి అని ఆమె అంది. ఆ జీతం వస్తే ఏడాదిలో నువ్వు రాత్రి డ్యూటీ మానెయ్యొచ్చు అని అతను అన్నాడు. ఒకరి కోసం ఒకరు ఒప్పుకుంటూ ఇద్దరూ ఇష్టం లేని పనికి సిద్ధపడ్డారు. వారం రోజులుగా అతను కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాడు. చివరికి నిన్న సాయంత్రం ఆమె చెప్పులు వేసుకుంటూ అంది:

"ఒక్కరోజు వెళ్ళి చూసి రండి. చూసినంత మాత్రాన కొంపేం మునగదు. రేపు గంట ఆలస్యంగా వస్తానని తోటి ఆయాకి చెప్పి ఉంచాను. మీరొచ్చాక మాట్లాడుకుని తేల్చుకుందాం."

ఇవాళ అతను తలుపు తాళం వేసి మెట్లు దిగాడు. రైల్లో సీటు దొరకలేదు. రెండు గంటలూ తలుపు పక్కన నిలబడి, ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు ఆగిందో మనసులో గుర్తుపెట్టుకున్నాడు. ఏడు గంటలకి రైలు ఏదో ఊరి బయట ఊరికే ఆగి ఉంది. ఆమె ఇప్పుడు తాళం తీస్తూ ఉంటుంది అనుకున్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టేశాడు.

దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండ దగ్గరికి వెళ్ళి చూసినా నునుపుగానే ఉంది. హాలంతా వెలుతురు. నేల మీద కాగితం ముక్క లేదు. కూర్చోవడానికి వీపున్న కుర్చీ ఉంది. మిషన్ బల్ల నిండా సన్నటి చిల్లులు, వాటిల్లోంచి గాలి పైకి తంతోంది. మనిషి మోయలేనంత కాగితం దొంతిని ఒక్క వేలితో నెడితే అది తేలుకుంటూ కత్తి కిందకి వెళ్ళిపోయింది. అతను దాన్ని వెనక్కి లాగి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఇంకోసారి నెట్టాడు.

షిఫ్టు ఇన్‌చార్జి పాతికేళ్ళ అమ్మాయి. అతన్ని సార్ అంది. ప్రెస్సులో తనని సార్ అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు కాబట్టి మొదట వెనక్కి తిరిగి చూశాడు. పని మొదలుపెట్టబోతూ అలవాటు కొద్దీ జేబులోంచి సబ్బుముక్క తీశాడు. పాత కత్తి అంచుకి సబ్బు రాస్తేనే కాగితం పీచు లేవకుండా తెగుతుంది. అతని చేయి కత్తి కిందకి వెళ్ళీ వెళ్ళగానే మిషన్ గట్టిగా కూతపెట్టి ఆగిపోయింది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. చేయి అడ్డం పడితే మిషన్ తనంతట తానే ఆగుతుందనీ, ఇక్కడ సబ్బు అక్కర్లేదనీ ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది. సబ్బుముక్క జేబులో పడేసుకుని, చెవులు ఎర్రబడగా, అతను పనిలోకి దిగాడు.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి నవ్వు మానేసి పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టింది. మిషన్ తెరమీద ఉన్న కొలత తప్పని, దొంతి అంచు కంటితో చూసి అతను చెప్పాడు. స్కేలు పెట్టి చూస్తే అర మిల్లీమీటరు తేడా ఉంది. నాలుగింటికి ఉద్యోగం కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. రేపటి నుంచే రమ్మంది. ఇంట్లో మాట్లాడి చెప్తానందామని అతను గొంతు సవరించుకున్నాడు. ఈ లోపల చేయి సంతకం పెట్టేసింది. పెట్టాక దానివంక చూసుకున్నాడు. కత్తి దిగిన కాగితాన్ని మళ్ళీ అతికించలేమని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు?

ఆమెకి ఫోన్ చేద్దామంటే పగలు ఆమె నిద్రపోతుంది. పెళ్ళయ్యాక పగలు ఒక్కసారి కూడా ఆమెని లేపలేదు.

తిరుగు రైల్లో మాత్రం సీటు దొరికింది. కిటికీ పక్క ఒకాయన నిద్రపోతున్నాడు. ఆయన పక్కన ఖాళీ. ఎదురు సీట్లో ముగ్గురు పేకాట ఆడుతున్నారు. వాళ్ళకి బల్ల ఆ నిద్రపోతున్నాయన ఒళ్ళో ఉన్న బ్రీఫ్‌కేసు. ముక్కలన్నీ దానిమీదే పరుచుకున్నారు. కత్తిగారు కాస్త కంగారుపడి చూస్తే, ముక్కలు పంచుతున్నాయన, ఏదో ఆసుపత్రిలో కంపౌండరట, నవ్వాడు. ఆయన్ని కిటికీ అంటామనీ, పంతొమ్మిదేళ్ళుగా ఇదే రైలనీ, ఎక్కగానే నిద్రపోతాడనీ, పిడుగు పడ్డా కదలడు కాబట్టి ఇంతకంటే మంచి బల్ల రైలు మొత్తంలో లేదనీ చెప్పాడు. ఈ పెట్టెలో ఒక నియమం ఉందట. నిద్రపోయేవాడి స్టేషను పక్కవాడి పూచీ.

"ముందు వంతెన ఒకటి వస్తుంది, దాని తర్వాతది ఆయన స్టేషను. లేపే పని ఇవాళ మీదే, గురువుగారూ," అన్నాడు కంపౌండరు.

వాళ్ళు అతన్ని కలుపుకున్నారు. వేరుశనగ పొట్లం ఇటు జరిపారు. ఏ పెట్టెలో గాలి తగులుతుందో, ఏ స్టేషన్‌లో టీ తాగొచ్చో చెప్పారు. ఆర్నెల్లయితే మీరూ నిలబడే నిద్రపోతారు అన్నారు. అతనూ నవ్వాడు. వీళ్ళు మంచివాళ్ళు, ఇది అంత కష్టంగా ఏమీ ఉండదు అని తనకి తాను చెప్పుకున్నాడు.

దారిలో ఎక్కడో రైలు కుదిపింది. కిటికీ అనే ఆయన తల అద్దం మీంచి జారి అతని కుడి భుజం మీద వాలింది. సరిగ్గా నొప్పి ఉన్న చోటే. అతను పళ్ళు బిగించాడు గానీ కదల్లేదు. తెల్లారకముందే లేచిన మనిషి, పాపం, పడుకోనీ అనుకున్నాడు. మీ భుజం ఆయనకి నచ్చిందండోయ్ అన్నారు ఎదురువాళ్ళు. ఆ తర్వాత ఇంకో రెండు ఆటలు ఆడారు. కంపౌండరు గెలిచాడు.

వంతెన వచ్చింది. అతను కిటికీ మోకాలి మీద తట్టాడు. "ఏవండీ, మీ స్టేషన్." ఇంకోసారి తట్టాడు. చేయి పట్టుకుని కుదిపాడు. ఆ చేయి చల్లగా ఉంది.

కంపౌండరు ఒక చేత్తో ముక్కలు అలాగే పట్టుకుని, రెండో చేత్తో మణికట్టు చూశాడు. తర్వాత మెడ కింద చూశాడు. రెండుచోట్లా చాలాసేపు చూశాడు. బ్రీఫ్‌కేసు మీద ఉన్న ముక్కలు తీయడానికి ఎవరూ చేయి చాపలేదు. ఎప్పుడు పోయాడో, ఏ రెండు స్టేషన్ల మధ్య పోయాడో ఎవరికీ తెలియదు. తల వచ్చి భుజం మీద వాలినప్పుడే అయి ఉంటుందని అతనికి అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంటికి కబురు చేద్దామంటే ఎవరికీ ఆయన పేరు తెలియదు. చొక్కా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చదివారు. పంతొమ్మిదేళ్ళు కలిసి తిరిగినవాళ్ళు ఆ పేరు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

స్టేషన్‌లో గార్డు వచ్చాడు. నలుగురూ కలిసి ఆయన్ని కిందకి దింపి ప్లాట్‌ఫారం బెంచీ మీద పడుకోబెట్టారు. కాళ్ళ వైపు పట్టింది కత్తిగారే. స్టేషన్ మాస్టరు కార్డు చూసి ఫోన్ చేస్తున్నాడు. గార్డు ఈల వేశాడు. మళ్ళీ రైలు గంటన్నరకి గానీ లేదని, మీరూ వచ్చెయ్యండని ముగ్గురూ పిలిచారు. వాళ్ళకి ఇళ్ళున్నాయి. అతనికీ ఉంది. ఇప్పుడెక్కితే ఆమె వెళ్ళేలోపు అరగంట దొరుకుతుంది. ఆ అరగంట కోసం ఆమె ఇంకొకరిని బతిమాలుకుంది. అతను రైలు వైపు రెండడుగులు వేసి, బెంచీ వైపు చూసి, ఆగిపోయాడు.

కంపౌండరు తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ క్షణాన మనిషికి ఏదో ఒక మంచి చేయాలనిపించినట్టుంది.

"రేపు ఆ కిటికీ సీటు మీకే ఉంచుతాం లెండి. మంచి సీటు. ఎండ పడదు."

"నేను రావడం లేదండీ," అన్నాడు అతను.

"మొదటిరోజు మేమంతా అదే అన్నాం," అన్నాడు కంపౌండరు. రైలు కదిలింది.

అతను బెంచీ చివర కూర్చుని ఆమెకి ఫోన్ చేశాడు. ఆమె మొదటి మోతకే ఎత్తింది. జరిగిందంతా చెప్పాడు. ఆమె విని, కళ్ళు మూసి ఉన్నాయా అని అడిగింది. వాళ్ళవాళ్ళకి తెలిసిందా అని అడిగింది. భార్య బయల్దేరిందట, గంట పడుతుందట అని చెప్పాడు.

"అయితే ఆవిడ వచ్చేదాకా కదలకండి. ఒంటరిగా ఉన్న శవాన్ని చూడటం వేరు, పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉండగా చూడటం వేరు. నేను డ్యూటీకి వెళ్ళిపోతాను."

"సంతకం పెట్టేశాను," అన్నాడు అతను.

ఆమె జవాబు కోసం ఆగకుండా మళ్ళీ అన్నాడు:

"కానీ వెళ్ళను. రేపు నువ్వొచ్చేసరికి ఇంట్లోనే ఉంటాను."

"నా కోసం మానుకోకండి. ఆ భుజం ఏం కావాలి?"

"నీ కోసం కాదు. పొద్దున నువ్వు కనపడకపోతే నాకు బాగోదు. ఇవాళంతా బాగోలేదు."

ఇన్నేళ్ళలో అతను ఇలాంటి మాట ఆమెతో అనలేదు. అనాల్సిన అవసరం ఉంటుందని కూడా అనుకోలేదు. ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. తర్వాత వార్డులో మాట్లాడే గొంతుతో అంది:

"సరే. ముందు ఆయన కాళ్ళకి బూట్లుంటే విప్పెయ్యండి. ఒళ్ళు బిగిశాక రావు. ఆవిడ అవస్థపడుతుంది."

అతను తల తిప్పి చూశాడు. కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి. ఎడమదానికి బొటనవేలి దగ్గర వేరే రంగు దారంతో కుట్టు వేసి ఉంది. ఒక్క ఉదుటున లేచి పట్టాల వైపు చూశాడు. చివరి పెట్టె ఎర్రదీపం కూడా కనపడటం లేదు. రైల్లో ఆయన్ని ఎత్తడానికి వంగినప్పుడు బూట్లని చూశాడు, చూసి కూడా తీయాలని తోచలేదు. కిటికీ సీటు కింద, లేవగానే కాళ్ళు దూర్చుకుని దిగిపోవడానికి వీలుగా, తాళ్ళు వదులు చేసి, మొనలు తలుపు వైపు తిప్పి పక్కపక్కనే పెట్టుకున్న ఒక జత నల్లబూట్లు.