కర్చీఫు కింద బొమ్మ

నేను ఒక గుండ్రటి గాజుమూత డబ్బాను. చిన్న విమానంలో పైలట్ కళ్లెదుట ఉండేదాన్ని. నా ముఖంలో పైసగం నీలం, అది ఆకాశం. కిందిసగం మట్టిరంగు, అది నేల. మధ్యలో బుల్లి విమానం. కడుపులో బొంగరం తిరుగుతున్నంతసేపూ, బయట ఏమీ కనిపించకపోయినా రెక్క ఎటు వాలిందో చెప్పేస్తాను. ఇంత చేస్తే అందరూ నన్ను 'బొమ్మ' అంటారు. పోనీలెండి.

ఫ్యాక్టరీలో నన్ను తలకిందులు చేసి, ఊపి, మొత్తి మరీ పరీక్షించారు. మొదట పత్తిచేల మీద మందు చల్లే విమానంలో పనిచేశాను. అది మూలపడ్డాక నన్ను ఊడదీసి, నల్లమల దగ్గర విమానం నేర్పే క్లబ్బుకు అమ్మారు. అక్కడ గురువు కెప్టెన్ భుజంగరావు. పాఠం మొదలవగానే ఆయన కర్చీఫు తీసి నా ముఖానికి కప్పేవాడు. కిటికీలోంచి చూసి నడపాలి గానీ బొమ్మను చూసి కాదనేవాడు. ఎండ కాసే రోజున అది మంచి పాఠమే, కాదనను.

ఆ శ్రావణంలో ఆయన పక్కన కూర్చున్న శిష్యురాలు మృదుల. ఆమెకు ఆయన మాట వేదవాక్కు. ఎదురుగా మబ్బు కమ్ముకుంటే, వెనక్కి తిరుగుదామా అని మెల్లగా అడిగింది. ఈ కొండ దాటితే మన రన్‌వేనే కదా అన్నాడాయన. దూరిపోయాం.

లోపలంతా తెలుపు. చూపు ఆనకపోతే మనిషి ఒంటికి పైదేదో కిందిదేదో తెలియదు. ఎడమ రెక్క నెమ్మదిగా వాలిపోతుంటే, ఆయన తిన్నగా పోతున్నాననుకున్నాడు. గాలి హోరెత్తింది. మృదుల కర్చీఫు లాగిపారేసింది.

"సార్, ఎడమకి పడిపోతున్నాం సార్. ఒక్కసారి బొమ్మని చూడండి."

ఆయన చూశాడు. వేలితో నా గాజు మీద టకటకా కొట్టాడు.

"ఇరుక్కుపోయిందిది. నా ఒళ్లు నాకు తెలీదా?"

అంటూనే విమానం నడిపే కర్రను తన వైపు గుంజాడు. వాలిన విమానాన్ని అలా గుంజితే అది కిందికి తిరిగే సుడి ఇంకా బిగుస్తుంది. రేకులు కీచుమన్నాయి. వెనక పెట్టిన సంచి ఎగిరొచ్చి ఆయన చెంప పగలగొట్టింది. మృదుల తన ముందున్న, దానికి జతగా కదిలే కర్రతో పెనుగులాడింది గానీ ఆయన బలం ముందు అది కదల్లేదు. వదలండి సార్, ప్లీజ్ సార్ అని బతిమాలుతూనే ఉంది. చావు మీదికొస్తుంటే ఈ మర్యాదేమిటే తల్లీ! నాకు నోరుంటే అరిచేదాన్ని.

చివరికి వంగి ఆయన మణికట్టు కొరికింది. నెత్తురు నా గాజు మీద చిందింది.

"వదలరా!"

వదిలేశాడు. ఆమె నా మీదే చూపు నిలిపి రెక్క సరిచేసింది. మబ్బు విడిపోయింది. కింద చెట్ల ఆకులు కనిపించేంత దగ్గరగా అడవి. ముక్కు ఎత్తేలోపే కుడి రెక్క కొమ్మలకు తెగిపోయింది. రేకులూ ఎముకలూ ఒకేసారి విరిగాయి. ఆయన ఛాతీలో కర్ర దిగబడింది. ఆమె కాలు నుజ్జయింది, ప్రాణం మిగిలింది. ఆ కేక ఇంకాస్త ముందు వేసి ఉంటే ఇద్దరూ మిగిలేవారు.

ఇప్పుడు నేను ఆమె క్లాసురూములో బల్ల మీద ఉన్నాను. గాజు లేదు, బొంగరం తిరగదు. కొత్తవాళ్లకు మృదుల మొదటి రోజే ఒక పని చెబుతుంది. ఊడదీసిన విమానం కర్రను తను రెండు చేతులా బిగించి పట్టుకుని, 'నేను తప్పుగా నడుపుతున్నాను, లాక్కోండి' అంటుంది.

నిన్న ఒకతను వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మీరు కాస్త వదిలితే..."

మృదుల నా వైపు చూసింది.

"చచ్చాం. వెళ్లి కూర్చో. తర్వాత ఎవరు?"