సమ్మమ్మ ఎంచిన గొంతు

దబ్బనంలోకి సుతిలి తాడు ఎక్కించి, హుసేన్‌బీ ఇంకో గోనెసంచిని ఒళ్లోకి లాక్కుంది. ఎనుమాముల మార్కెట్ యార్డు నిండా మిర్చి రాశులు. గాలి కూడా ఎర్రగానే కదులుతున్నట్టుంది. ఆ ఘాటుకు ఆమె కళ్లు ఎప్పుడూ సగం మూసే ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా లోకాన్ని నీళ్ల పొరలోంచే చూస్తోంది. పక్కన సమ్మమ్మ చిరుగుకు మాసిక వేస్తూ దగ్గుతోంది.

హమాలీ పని చేసే భర్త పోయాక హుసేన్‌బీ ఈ రేకుల షెడ్డు కిందికి వచ్చింది. కుట్టు నేర్పింది సమ్మమ్మే. ఆ తర్వాత ఆకలైనా, షుగర్ గోలీ అయినా సమ్మమ్మ చెబితేనే ఆమెకు గుర్తొచ్చేది. రంజాన్ నెలవంక సైతం ముందు సమ్మమ్మకే కనిపించేది.

ఆ సమ్మమ్మకు ఇవాళ ఇక్కడ ఆఖరి రోజు. ఈ దుమ్ములో ఇంకో ఏడాది ఉంటే ఊపిరి అందదని దవాఖానలో చెప్పారు. వర్ధన్నపేటలో చెల్లెలు మొగిలమ్మ దగ్గరికి పోతోంది.

అందుకే కూతురు అఫ్సానా నిన్న తల్లి ఫోనులో మాట్లాడే ఏఐలు రెండు పెట్టింది. "చదువు రాకున్నా ఫికర్ లేదమ్మీ, అడిగితే చెప్తయ్. రెండిటికి ఫోన్ల జాగ లేదు. పొద్దూకేసరికి ఏది ఉంచాల్నో చెప్పు" అంది.

హుసేన్‌బీ పొద్దుటినుంచీ ఫోను ముట్టలేదు. అన్నాలు తిన్నాక సమ్మమ్మే దాన్ని అందుకుని, పిల్లను చూడవచ్చిన పెద్దమనిషిలా సర్దుకుని కూర్చుంది. రెండిట్లో మొదటిదాని నీలం బొమ్మ నొక్కింది.

"ఇగో ఇను. మా హుసేన్‌బీ గోలీ ఏస్కోకుంటనే ఏస్కున్న అంటది. అప్పుడేం జేస్తవ్?"

"చాలా చక్కని ప్రశ్న! ఆరోగ్యం పట్ల మీ శ్రద్ధ అభినందనీయం" అంటూ అది పది సూత్రాలు చదవడం మొదలుపెట్టింది.

"ఇది ఎలక్షన్ల నిలబడ్డట్టే మాట్లాడుతాంది" అని సమ్మమ్మ దాని నోరు మూసింది. పచ్చ బొమ్మ నొక్కి, అదే మాట మళ్లీ అడిగింది.

రెండో గొంతు నెమ్మదిగా పలికింది. "వేసుకున్నదో లేదో నాకు కనిపించదమ్మా. యాది చేయగలను, అడగగలను. చూడ్డానికి మాత్రం పక్కన మనిషి ఉండాలి."

దూరంగా కాంటా మీద సంచి పడిన చప్పుడైంది.

"ఇది అబద్ధమాడదు. దీన్నే ఉంచుకో" అంది సమ్మమ్మ. తర్వాత చెయ్యి చాపింది. "ఏది గోలీ?"

"పొద్దుగాలనే ఏస్కున్ననక్కా."

చాపిన చెయ్యి అట్లాగే ఉంది. హుసేన్‌బీ సిగ్గుపడుతూ కొంగుముడి విప్పి, గోలీ తీసి, ఆమె చూస్తుండగా మింగింది.

ఎండ వాలింది. సుతిలి సర్రున సాగే చప్పుడుకు హుసేన్‌బీకి కునుకు పట్టింది. కలలో రాశులన్నీ ఎర్రటి మబ్బులై మెల్లగా లేస్తున్నాయి. ఇద్దరూ వయసు పిల్లలై వాటి అంచులు కుడుతున్నారు. ఎవరో భుజం తట్టారు.

"బస్టాండుకు ఆటో వచ్చింది. పోయొస్త."

"జర నీళ్లు తాగి పోరాదు."

"తాగిన."

అంతే. రాశుల మధ్య ఆమె తెల్ల తల కాసేపు కనబడి, ఎరుపులో కలిసిపోయింది.

పొద్దూకుతుండగా హుసేన్‌బీ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "వర్ధన్నపేట బస్సు ఏడిదాక పోయింటది?"

"నాకు తెలియదమ్మా. మీవాళ్లు ఎవరైనా వెళ్తున్నారా?"

"సమ్మమ్మ."

"ఆమె మీకేమవుతారు?"

హుసేన్‌బీ నోరు తెరిచింది. అక్క అనబోయింది, అది చాలదనిపించింది. దోస్తు అనబోయింది, అదీ చాలదు. "జర ఆగు, చెప్త" అంది. అది ఆగింది.

పక్కన, ఖాళీ అయిన చోట, సమ్మమ్మ తన కోసం తడిగుడ్డ చుట్టి పెట్టిపోయిన నీళ్ల సీసా ఉంది. గుడ్డ ఇంకా చల్లగానే ఉంది.