కాళ్ల దగ్గర ఇనుము

సెక్టర్ 6లో పొద్దున్నే రెండు రకాల చెత్త ఊడుస్తారు. ఒకటి స్టీలు ప్లాంటు నుంచి వచ్చే ఎర్ర ధూళి. రెండోది ఇనుప ముక్కలు. ఎవరి మాటనైనా నమ్మకపోతే, ఆ మాట ఇనుమై నమ్మనివాళ్ల కాళ్ల దగ్గర టంగున రాలుతుంది. తాగలేదన్న మొగుళ్లు, పరీక్ష బాగా రాశామన్న పిల్లలు ఉన్న ప్రతి ఇంట్లోనూ గుప్పెడు దొరుకుతుంది. పాత ఇనుము కొనే కబాడీవాడు వచ్చి పట్టుకుపోతాడు.

ఇనుము రాలితే మాట అబద్ధమేనని ఊరు తీర్మానించుకుంది. అది వినేవాళ్ల అపనమ్మకం మాత్రమేనని ఎవరికీ తట్టలేదు. ఇక్కడ తీర్పు ముందు, విచారణ తర్వాత.

ఛాయ ఇంట్లో ఆ వారం గంపలకొద్దీ రాలింది. ఊరి పక్కనున్న జాముల్‌లో త్రినాథరావు కాంట్రాక్టు ఆఫీసులో ఆమె కంప్యూటర్ పని చేసేది. ఆయన రిటైరైన ఫోర్‌మన్, తెలుగు సంఘం అధ్యక్షుడు. స్టోర్‌రూము గడియ పెట్టి తనమీద చెయ్యి వేశాడని ఛాయ చెబుతుంటే తల్లి కనకలత చెవులు మూసుకుంది.

"మీ నాన్న పాడె మోసినాయనే! ఆయనలా చేయడమేటే?"

"సోమవారం నుంచి నా సీట్లో మన వీధి పిల్ల కిరణ్మయి కూర్చుంటాది. దాన్ని ఆపాలమ్మా."

ఆ ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో ఛాయ లేచి నిలబడింది. గడియ సంగతి, చెయ్యి సంగతి, దాన్ని కొరికి పారిపోయిన సంగతి చెప్పింది. ఒక్కో వాక్యానికీ హాలంతా టంగుటంగుమంది.

"వింటన్నారా, పోత పోసినట్టు రాలతంది!" పక్క క్వార్టర్ జోగమ్మ నవ్వింది. "అంత జరిగితే అప్పుడే చెప్పకపోనావేటి?"

"ఆరోజే చెప్పాను పిన్నీ. ఇంట్లో ఎన్ని గంపలు పడిందో మా అమ్మనడుగు."

త్రినాథరావు చేతులు జోడించాడు. "చిన్నపిల్ల, వదిలీండి. నాకు కూతురులాంటిది."

"చూసారా, ఆయన మాటకి ఇనప రజను కూడా రాలనేదు!" ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. ఛాయ కాళ్ల దగ్గర పడిన ఇనుము చప్పుడు వాటిలో ఎవరికీ వినిపించలేదు.

ముందు వరసలో కూర్చున్న కిరణ్మయి కూడా నమ్మలేదు. ఛాయ చెబుతున్నప్పుడే ఒక ముక్క ఆమె బొటనవేలి మీద పడింది. దాన్ని పక్కకి నెట్టడానికి వంగింది. అందరి కాళ్ల దగ్గరా కుప్పలు. త్రినాథరావు బూట్ల చుట్టూ మాత్రం నున్నటి గచ్చు.

"దీదీ, ఇంకొక్కసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలే?"

"ఒక్కసారి. ప్లీజ్."

ఛాయ మళ్లీ చెప్పింది. హాలంతా మళ్లీ రాలింది. ఈసారి కిరణ్మయి దగ్గర ఏమీ పడలేదు. ఆయన దగ్గరా పడలేదు.

"అంకుల్, అబద్ధమైతే అందరికన్నా ముందు మీ దగ్గర కదా రాలాలి?" కిరణ్మయి లేచింది. "మీరెందుకు నమ్ముతున్నారు?"

త్రినాథరావు కాళ్లు కుర్చీ కిందకి లాక్కున్నాడు.

"బూటు కింద పడుంటాదిలే," జోగమ్మ గొణిగింది.

కిరణ్మయి ఇనుము మీంచి నడుచుకుంటూ వెళ్లి ఛాయ పక్కన నిలబడింది.

"రేపు నేను ఆఫీసుకి రావట్లేదు."

ఆ మాట ఎవరి కాళ్ల దగ్గరా రాలలేదు.